బొమ్మ నోట మాట: తోలుబొమ్మలాట, వెంట్రిలోక్విజం – ఒక పరిశీలన

బొమ్మలాటను గురించి మన భాషలో వచ్చిన వ్యాసాలలో ఎక్కువ భాగం బొమ్మను గురించినవే. తోలును ఎలా శుద్ధి చేస్తారు, రంధ్రాలు ఎలా పొడుస్తారు, రంగులు ఎలా అద్దుతారు, తెర వెనుక దీపం ఎక్కడ పెడతారు అన్న సంగతులు వాటిలో వివరంగా దొరుకుతాయి. బొమ్మ మాటను గురించి చెప్పినది తక్కువ. వెంట్రిలోక్విజం విషయమూ అంతే. పెదవులు కదపకుండా మాట్లాడే గారడీగా దాన్ని మెచ్చుకొని ఊరుకుంటాం. ఈ రెండు కళలూ వినోదానికే కాక చికిత్సకు కూడా పనికివస్తాయన్న మాట బళ్లలోనూ ఆసుపత్రులలోనూ వినిపిస్తూనే ఉన్నది. పనికివస్తాయనడంలో సందేహం లేదు. ఏ గుణం వల్ల పనికివస్తాయన్నదే తేలవలసిన ప్రశ్న. ఆ గుణమేదో తెలియకుండా బొమ్మను చేతికి తీసుకుంటే, పనికివచ్చే భాగాన్నే ముందుగా కత్తిరించి పారేసే ప్రమాదం ఉన్నది. అలా జరుగుతున్నదనే నా అభిప్రాయం.

ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నది ఒక్కటే. బొమ్మ తన్ను ఆడించేవాడికి ఎదురు చెప్పగలదు. వినోదమూ ఉపశమనమూ రెండూ ఆ ఒక్క గుణం నుండి పుట్టినవే.

బేతమంగళ వైపు నుండి

ఈ ప్రశ్నను బేతమంగళ వంటి ఊరి వైపు నుండి చూడడం మేలు. పాలారు ఒడ్డున ఉన్న ఈ ఊరి పాత పేరు విజయాదిత్యమంగళం. ఇక్కడి చెరువుకట్టను ఇరివ నొళంబుడనే నొళంబ రాజు బాగుచేయించినట్లు 950 నాటి శాసనం తెలుపుతున్నది. బ్రిటిషువారి కాలంలో ఆ చెరువు నీళ్లే కోలారు బంగారు గనుల ఊరికి తాగునీరయ్యాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఈ దారిన నీళ్లే కాదు, భాషలు కూడా నడిచాయి. పల్లెలలో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడం, గనుల లైన్లలో తమిళం.

ఇక్కడి పిల్లవాడు ఇంట్లో "యాడికి పోతావుండావు" అంటాడు. బడిలో ఆ మాటను నోట్లోనే మింగుతాడు. పుస్తకాల తెలుగు మాట్లాడే బంధువు ఎదురైనా అతనికి జంకే. మూడు భాషలు చెవికి తెలిసీ ఏ భాషలోనూ ధైర్యంగా నోరు విప్పని పిల్లలు ఈ సీమలో అరుదు కాదు. వీరిని రోగులనడం తగదు. అయితే మాట మనసులో ఉండీ నోటికి రాకపోవడమన్న స్థితి నత్తి ఉన్న పిల్లవాడికి తెలుసు, భయపడి మూగబోయిన పిల్లకు తెలుసు, వీరికీ తెలుసు. కారణాలు వేరు, స్థితి ఒక్కటే. బొమ్మ అక్కరకు వచ్చేది ఈ స్థితిలోనే. బొమ్మ ఏం చేస్తుందో తెలుసుకోవడానికి మొదట ధ్వనుల సంగతి చూద్దాం.

పెదవి కదపని మాట

వెంట్రిలోక్విజం అన్న పదానికి లాటిన్‌లో కడుపుతో మాట్లాడడమని అర్థం. నిజానికి ఇందులో కడుపుకు ప్రత్యేకమైన పని లేదు. గొంతు అందరి గొంతు లాగే పనిచేస్తుంది. నాలుక నోటి లోపల ధ్వనులను మలుస్తుంది. పెదవులు కాస్త తెరుచుకొని నిశ్చలంగా ఉంటాయి. చిక్కంతా ఓష్ఠ్యాలతోనే. ప, ఫ, బ, భ, మ పలకాలంటే రెండు పెదవులూ కలవక తప్పదు. అందుచేత కళాకారులు వీటి స్థానంలో నాలుకతో పలికే దగ్గరి ధ్వనులను వాడతారు. ప బదులు త, బ బదులు ద, మ బదులు న అన్నది వాడుకలో ఉన్న మార్పిడులలో ఒకటి.

తెలుగులో ఈ మార్పిడిని పాటించి చూస్తే చుట్టరికాలు తారుమారవుతాయి. అమ్మ అన్న అవుతుంది. అప్ప అత్త అవుతాడు. పాప తాత అవుతుంది. మామ నాన అవుతాడు. బొమ్మ తన పేరు తాను చెప్పుకోబోతే దొన్న అంటుంది. పిల్లలు మొదట నేర్చే హల్లులు ఓష్ఠ్యాలని రోమన్ యాకోబ్సన్ 1941లో ప్రకటించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఆ లెక్కన పసిబిడ్డకు అన్నిటికంటే ముందు వచ్చే మాటలే మాట్లాడే బొమ్మకు అన్నిటికంటే కష్టమైనవి.

ఓష్ఠ్యాలను వదలి మాట్లాడడం మన సాహిత్యానికి కొత్త కాదు. దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడు ప్రియురాలి పంటిగాట్లకు పెదవి నొచ్చినందువల్ల తన కథనంతా ఓష్ఠ్యాలు లేకుండా చెబుతాడు. తెలుగులో మరింగంటి సింగరాచార్యుడు దశరథరాజనందన చరిత్రను నిరోష్ఠ్యంగా రచించాడు. ఆ కావ్యం పేరును పైకి చదివి చూడండి, పెదవులు ఒక్కసారీ కలవవు. కాని కవికీ వెంట్రిలోక్విస్టుకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. కవి ఓష్ఠ్యాలున్న మాటను తప్పించి మరో మాట వెదుక్కుంటాడు. వెంట్రిలోక్విస్టు అన్నిసార్లూ అలా తప్పించుకోలేడు. బొమ్మ చేత అమ్మ అనిపించవలసి వస్తే అన్న వంటి ధ్వనిని పలికి, వినేవారికి అమ్మ అని వినిపించేలా చేయాలి.

అలా వినిపించేలా చేసేది సగం కళాకారుడు, సగం శ్రోత. మాట నడిచే సందర్భం శ్రోతను సరైన పదం వైపు తీసుకుపోతుంది. అదే క్షణంలో బొమ్మ నోరు మూసుకుంటే, కన్ను చెవికి తోడవుతుంది. హ్యారీ మెగర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ 1976లో ప్రకటించిన ప్రసిద్ధ ప్రయోగంలో బ అనే ధ్వనిని వినిపిస్తూ గ పలికే నోటిని చూపించారు. ఎక్కువమంది పెద్దలకు ద అని వినిపించింది. మనం మాటను చెవితో మాత్రమే వినం. టెంటు సినిమా చూసినవారికి ఇది అనుభవమే. శబ్దం ఎక్కడో పక్కనున్న లౌడ్‌స్పీకర్ నుండి వస్తుంది, మాట మాత్రం తెర మీది కథానాయకుడి నోటి నుండి వచ్చినట్టే ఉంటుంది. మనస్తత్వశాస్త్రంలో దీనికి వెంట్రిలోక్విజం పేరే పెట్టారు.

అయితే పెదవుల నేర్పు ఈ కళకు ప్రాణమా? కాదనడానికి గట్టి సాక్ష్యం ఉన్నది. అమెరికాలో ఎడ్గర్ బెర్గన్ అనే వెంట్రిలోక్విస్టు చార్లీ మెకార్తీ అనే తన బొమ్మతో 1937 నుండి 1956 వరకు రేడియోలో కార్యక్రమాలు నడిపాడు. రేడియోలో పెదవులు కనిపించవు, కదిలినా కదలకపోయినా ఒకటే. అయినా కోట్లమంది విన్నారు. వారు విన్నది తన యజమానిని లెక్కచేయని ఒక పెంకి కుర్రవాడి మాటలను. మనకు దగ్గరి ఉదాహరణ మహారాష్ట్రలో ఉన్నది. యశ్వంత్ పాధ్యే ప్రాణం పోసిన, ఆయన కుమారుడు రామదాస్ పాధ్యే ప్రసిద్ధికి తెచ్చిన బొమ్మ పేరు అర్ధవట్‌రావు. మరాఠీలో అర్ధవట్ అంటే అరకొర అని, తిక్కవాడని. తిక్కవాడన్న పేరు ఉన్నందువల్లే అతడు పెద్దమనిషికి ఏ మాటైనా చెప్పగలడు.

ఇక్కడ ధ్వన్యనుకరణతో పోలిక అవసరం. 2018లో కన్నుమూసిన నేరెళ్ళ వేణుమాధవ్ గారి కళలో ఇతరుల గొంతులు ఒక మనిషి నోట పలికాయి. మాట్లాడే బొమ్మ విషయంలో ఒక మనిషి గొంతు మరొకరి నోట పలుకుతుంది. మొదటిదానిలో పోలిక కుదిరిందా లేదా అని చూస్తాం. రెండవదానిలో ఇద్దరి నడుమ తగాదా ఎలా సాగుతుందా అని చూస్తాం.

కేతిగాడి చొరవ

తగాదాను మన తోలుబొమ్మలాట ఏనాడో కనిపెట్టింది. ఆంధ్రదేశంలో ఈ ఆటను తరతరాలుగా నిలబెట్టినవి మరాఠీ మూలాలున్న కుటుంబాలు. కన్నడ సీమలో ఈ వృత్తివారిని కిళ్లేక్యాతలంటారు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన సంపుటాలలో వీరి ప్రస్తావన ఉన్నది. ఇంట్లో మరాఠీ మాండలికం, తెర వెనుక తెలుగో కన్నడమో. అంటే తెర మీద బొమ్మ మాట్లాడే భాష దాన్ని ఆడించేవాడి ఇంటి భాష కాదు. రెండు మూడు భాషల మధ్య పెరిగిన మన విద్యార్థులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. మన సీమ పిల్లవాడు రోజూ చేసే పనినే వీరు కళగా చేశారు.

ఆటలో భాష రెండు అంతస్తులుగా ఉంటుంది. రాముడు, సీత, రావణుడు పద్యాలతో, ద్విపదలతో, గంభీరమైన వచనంతో మాట్లాడతారు. తెలుగు మేళాలకు రంగనాథ రామాయణం ప్రధానమైన ఆధారం. వారి నడుమ చొరబడే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క మాత్రం ఆట ఆడుతున్న ఊరి మాటలో మాట్లాడతారు. కన్నడ మేళాలలో హాస్యగాడి పేరే కిళ్లేక్యాతుడు. ఆడించేవారి కులం పేరూ అదే. కులం తన పేరును రాముడికి కాక వెక్కిరించే బొమ్మకు పంచుకోవడం చిన్న విషయం కాదు. ఈ హాస్యగాళ్లు కథను ఆపుతారు. ధర్మపన్నాలకు అడ్డు తగులుతారు. ఆట కట్టించిన పెద్దమనిషిని కూడా వదలరు. ఆ మాటనే బొమ్మలాటవాడు తెర ముందుకు వచ్చి అంటే ఊరు ఊరుకోదు. బొమ్మ అన్నది కాబట్టి నవ్వుతారు. నవ్విన తరువాత ఆ మాట విననట్టు నటించడం ఎవరికీ సాధ్యం కాదు.

మొదలి నాగభూషణశర్మ గారి తోలుబొమ్మలాట గ్రంథం 1985లో వెలువడింది. అమెరికన్ పరిశోధకుడు జొనాథన్ గోల్డ్‌బర్గ్-బెల్ ఈ హాస్యగాళ్ల మీదనే ప్రత్యేకంగా రాశాడు. అయినా మన పాఠాలలో వీరికి దొరికే చోటు ఒక పేరా. అశ్లీలమన్న ముద్ర దీనికి ఒక కారణం. బంగారక్క మాటలలో బూతు ఉన్నది నిజమే. దాన్ని కడిగేయాలన్న తొందరలో ఆమె ధిక్కారాన్ని కూడా కడిగేశాం.

ఆట వల్ల మేలు కలుగుతుందన్న నమ్మకమూ పాతదే. వానలు పడకపోయినా, పశువులకు జబ్బు వచ్చినా తోలుబొమ్మలాట కట్టించే ఆచారం కన్నడ సీమ పల్లెలలో ఉండేది. ఆటకు వాన పడిందని వాదించనక్కరలేదు. భయం పట్టిన ఊరు ఒక రాత్రంతా ఒకచోట కూర్చుని, ఏడ్చి, నవ్వి, తెల్లవారి లేచి ఇళ్లకు పోయేది. దానికి విలువ లేదని ఏ వైద్యుడూ అనడు.

చికిత్సలో బొమ్మ

ఆధునిక కాలంలో బొమ్మలాటను మనోచికిత్సకు వాడి, దాన్ని గురించి పద్ధతిగా రాసినవారిలో లారెట్టా బెండర్, అడాల్ఫ్ వోల్ట్‌మన్ మొదటివారు. న్యూయార్క్‌లోని బెల్వ్యూ ఆసుపత్రిలో పిల్లల కోసం వారు ఆడించిన ఆటలను గురించిన వ్యాసం 1936లో వచ్చింది. వారి ఆటలలో కాస్పర్ అనే కొంటె కుర్రవాడు నాయకుడు. అమ్మానాన్నలు ఉంటారు, మొసలి ఉంటుంది. పిల్లలు ఆటను చూసి ఊరుకోలేదు, కేకలు వేసి కాస్పర్‌కు సలహాలు చెప్పారు. తాము చేయాలనుకొని చేయలేనిదాన్ని అతని చేత చేయించారు. కాస్పర్‌కూ మన కేతిగాడికీ చుట్టరికం ఉందని నేను చెప్పను. ఇద్దరికీ ఉన్న చొరవ మాత్రం ఒక్కటే.

ఈ చొరవ ఎలా పనిచేస్తుంది? నేను అన్న మాటకు నేను బాధ్యుణ్ణి. బొమ్మ అన్న మాటకు బాధ్యత సగం బొమ్మది. ఆ సగం బరువు దిగడంతో మాట కదులుతుంది. నత్తి ఉన్నవారిలో చాలామందికి వేరొక పాత్రగా, వేరొక గొంతుతో మాట్లాడేటప్పుడు నత్తి తగ్గుతుంది. పాటలోనూ, పదిమందితో కలిసి చదివేటప్పుడూ ఇలాగే జరుగుతుంది. ఆట ముగిసిన తరువాత ఆ లాభం తనంతట తానే నిలుస్తుందని అనుకోకూడదు. దాన్ని నిలిపేది నిపుణుల శిక్షణ. కాని నా నోట కూడా మాట సాఫీగా వస్తుందన్న అనుభవం ఒక్కసారి కలగడమే కొందరికి పెద్ద విషయం.

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టం చేసుకోవాలి. ఒకరి నోట మరొకరు మాట్లాడడం మన పల్లెలకు వేరే రూపంలోనూ తెలుసు. పూనకం వచ్చిన మనిషి నోట దేవత మాట్లాడుతుంది. ఇంట్లో నోరెత్తలేని కోడలు పూనకంలో అత్తను నిలదీయగలదు. అదీ బరువు దించుకునే మార్గమే. కాని దేవత మాట ఆజ్ఞ. వినడమే తప్ప బదులు చెప్పడానికి లేదు. బొమ్మ మాటకు ఎవరైనా బదులు చెప్పవచ్చు, పోవోయ్ అనవచ్చు, నవ్వవచ్చు. పిల్లవాడికి కావలసింది బదులు చెప్పదగిన గొంతు. అందుకే పిల్లల గదిలోకి దేవతను కాక బొమ్మను తీసుకుపోతాం.

ఈ తర్కం నుండి ఒక హెచ్చరిక కూడా వస్తుంది. పెద్దలు బొమ్మను చేతికి తొడుక్కొని పిల్లవాడి నోటి నుండి తమకు కావలసిన సమాధానం రాబట్టడం చికిత్స కాదు. ప్రశ్నించేవాడి కోరిక బొమ్మ గొంతులో మరింత తీయగా వినిపిస్తుంది, పిల్లవాడు దానికి తలూపుతాడు. బొమ్మ పిల్లవాడి చేతిలో ఉండాలి. అలా ఉన్నప్పుడు కూడా అది చెప్పిన కథను సాక్ష్యంగా కాక కథగా వినగల ఓపిక పెద్దలకు ఉండాలి.

తలూపే బొమ్మలు

ఇప్పుడు విమర్శకు వద్దాం. కేంద్ర ప్రభుత్వం 1954లో పాటలు, నాటకాల విభాగాన్ని నెలకొల్పింది. నాటినుండి ప్రచారానికి వాడుకున్న కళారూపాలలో బొమ్మలాట ఒకటి. కుటుంబ నియంత్రణ, పొదుపు, అక్షరాస్యత, ఆరోగ్యం అన్నీ బొమ్మల నోట పలికాయి. 1979లో ఏర్పడిన సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం ఉపాధ్యాయులకు బొమ్మలాటను నేర్పుతూ వచ్చింది. ఈ ప్రయత్నాల వల్ల కళాకారులకు నాలుగు డబ్బులు దొరికాయి, బడిలోకి బొమ్మ వచ్చింది. ఇది మంచిదే. వస్తువు కొత్తదైతే కళ చెడుతుందన్న వాదం కూడా సరికాదు. 2023లో కన్నుమూసిన బళ్లారి కళాకారుడు బెళగల్లు వీరణ్ణ స్వాతంత్ర్యోద్యమాన్ని తోలుబొమ్మల తెర మీదికి ఎక్కించి మెప్పించాడు.

లోపం వస్తువులో లేదు, సంభాషణలో ఉన్నది. ప్రచారపు ఆటలలో తరచుగా ఒక బొమ్మ ఉపదేశిస్తుంది, మరో బొమ్మ తలూపుతుంది. చేతులు కడుక్కోండి అని డాక్టరు బొమ్మ చెబుతుంది. అలాగే డాక్టరుగారూ అని పల్లెటూరి బొమ్మ అంటుంది. ఇదే బేతమంగళ పక్క పల్లెలో కేతిగాడు ఆ తెర మీద ఉంటే ఏమనేవాడు? "నీళ్లు యాడుండాయన్నా కడుక్కునేకి? మా చెర్వు నీళ్లు గనులోళ్లు తాగిపోయిరి గదా!" అనేవాడు. ఆ ఒక్క మాటతో ఆట మొదలయ్యేది. డాక్టరు బొమ్మ బదులు వెదుక్కోవలసి వచ్చేది. చూసేవారు ఎవరి పక్షమో తేల్చుకోవలసి వచ్చేది. చేతులు కడుక్కోవలసిన అవసరం కూడా ఆ తగాదాలోనే తలకెక్కేది. "కడుక్కునేకి" అన్న రూపం పాఠ్యపుస్తకాలలో లేదు. ఆ రూపాన్ని తెర మీద విన్న పిల్లవాడికి తన ఇంటి మాటకూ ఒక చోటున్నదని తెలుస్తుంది. పుస్తకభాషలో తలూపే బొమ్మ అతనికి రెండోసారి కూడా నోరు మూసుకోమనే చెబుతుంది.

గుర్తింపు విషయంలోనూ ఇదే పొరపాటు జరిగింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది, హస్తకళల కోవలో. అనంతపురం సీమలోని నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇవి సంతోషించదగిన విషయాలు. కాని ఆ కుటుంబాలు ఇప్పుడు తోలుతో దీపాల గుమ్మటాలు కూడా చేసి అమ్ముకుంటున్నాయి. ఆట పిలుపులు తగ్గినప్పుడు కడుపు నింపినవి అవే, తప్పుపట్టడానికి మనమెవరం? దీపం ముందు నిలబడి మాట్లాడిన తోలు ఇప్పుడు దీపాన్ని కప్పుతున్నది, మాట్లాడడం లేదు. చట్టం తోలుకు రక్షణ ఇచ్చింది. గొంతుకు ఇవ్వలేదు, ఇవ్వడం చట్టానికి చేతకాదు కూడా.

గొంతును కాపాడే పని మరెవరిదో కాదు, భాషను చదువుకునేవారిదే. బొమ్మలాటను చికిత్సకో పాఠానికో వాడదలచిన ప్రతిచోటా మూడు ప్రశ్నలు వేయండి. బొమ్మ ఎవరి చేతిలో ఉన్నది? అది ఎవరి ఇంటి మాటలో మాట్లాడుతున్నది? తన్ను ఆడిస్తున్నవారిని కాదనే అవకాశం దానికి ఉన్నదా? మూడింటికీ సరైన సమాధానం దొరికితే, పాత మేజోడుకు రెండు గుండీలు కుట్టి చేసిన బొమ్మ అయినా చాలు. దొరకకపోతే పద్మశ్రీ పొందిన చేయి చెక్కిన బొమ్మను తెచ్చినా ప్రయోజనం లేదు.

కోలారు, చిక్కబళ్లాపురం, బళ్లారి సీమల నుండి వచ్చిన విద్యార్థులకు మరో మాట. మీ ఊళ్లలో తోలుబొమ్మలాట చూసిన వృద్ధులు ఇంకా కొందరున్నారు. వారి దగ్గరకు పోయినప్పుడు రాముడి పద్యాలు అడగకండి, అవి పుస్తకాలలో దొరుకుతాయి. కేతిగాడు ఆ రాత్రి ఎవరిని ఏమన్నాడో అడగండి. చెప్పడానికి ముందు వారు నవ్వుతారు, కొందరు పక్కన ఆడపిల్లలున్నారా అని చూస్తారు. చెప్పిన మాటను చెప్పినట్టే, వారి యాసతోనే రాసుకోండి.